ఉత్తరాంధ్ర మన్యంలో వానరోజు: ఒంటరి బైకు ప్రయాణికుడికి సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం నుంచి కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి, అరకు, పాడేరు, చింతపల్లి దాటి, సీలేరు, డొంకరాయి అడవుల్లోంచి చింతూరు చేరుకుని, మారేడుమిల్లి ఘాటు దిగి రంపచోడవరం దగ్గర మళ్ళీ మైదానంలో పడే దారి ఒకటుంది. నాలుగైదు రోజులు తీరిగ్గా పెట్టుకుని ఒంటరిగా తిరగదగిన దారి అది. జూన్ నుంచి నవంబరు దాకా ఎప్పుడు బయలుదేరినా ఆ నాలుగైదు రోజుల్లో ఒక రోజైనా వాన పట్టుకోక మానదు. ఈ వ్యాసం ఆ ఒక్క రోజు గురించి.

నా అనుభవంలో ఒంటరి ప్రయాణికుణ్ణి దెబ్బతీసేది జారుడు రోడ్డు కన్నా ముందు చలి, చలి కన్నా ముందు తొందర. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు "ఇక చాలురా, టీ తాగి చూద్దాం" అంటారు. ఒంటరిగా ఉన్నవాడికి ఆ మాట అనేవాడు లేడు కనుక, ఆ మాటను ముందురోజు రాత్రే కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. కింద చెప్పే మెట్లలో సగం దాని గురించే.

మొదటి మెట్టు: పడుతున్నది ఏ వానో తేల్చుకోవడం

మన్యంలో మూడు రకాల వానలు మనకు ఎదురవుతాయి. ఒకటి, ఉదయమంతా ఎండ కాసి, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు కొండల మీద మబ్బు కమ్మి, ఉరుములతో గంటా రెండు గంటలు దంచి వెళ్ళిపోయే వాన. దీనికి విరుగుడు వేకువన బయలుదేరి మధ్యాహ్నానికల్లా బస చేరుకోవడమే. దారిలో పట్టుకుంటే ఏదో ఒక కప్పు కింద ఆగితే సరిపోతుంది. రెండోది అల్పపీడనం తెచ్చే ముసురు. ఇది ఉరమదు, మెరవదు, రెండు మూడు రోజులు విడవకుండా పడుతుంది. ముసురులో "తగ్గాక వెళదాం" అని చెట్టు కింద నిలబడటం కాలయాపన. నెమ్మదిగా, తక్కువ దూరం వెళ్ళడమో, ఉన్నచోటే ఆ రోజు ఉండిపోవడమో తేల్చుకోవాలి. మూడోది తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం వైపు తీరం దాటింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వినగానే కొండదారి ఆలోచన మానుకోవాలి. ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త మనకు వంశపారంపర్యంగా వస్తున్న హెచ్చరిక, దాన్ని బైకువాళ్ళు కూడా పట్టించుకోవడం మంచిది.

ముందురోజు సాయంత్రం భారత వాతావరణ శాఖ జిల్లాలవారీ హెచ్చరికను చూడండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: విశాఖపట్నం జిల్లా సూచన చూసుకుని బయలుదేరతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి అన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. మధ్యలో వచ్చే శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉంది. బీచ్ రోడ్డు మీద ఎండ కాస్తూ ఉండగానే అనంతగిరిలో కుండపోత పడటం మామూలు విషయం కాబట్టి, మీరు వెళ్ళే జిల్లాల హెచ్చరిక రంగు చూడాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ వర్షం, ఆ పైన అత్యంత భారీ వర్షం. పసుపు రంగు ఉంటే జాగ్రత్తపడి వెళతాను. నారింజ రంగు ఉంటే ఘాటు ఎక్కను, అప్పటికే పైన ఉంటే ఊరు కదలను. ఎరుపు గురించి చెప్పనక్కరలేదు. పొద్దున లేచాక కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ చిత్రం ఒకసారి చూస్తే మబ్బు ఏ వైపు కదులుతున్నదో తెలుస్తుంది. పిడుగుల కోసం దామిని యాప్ ఉంది. ఇవన్నీ సిగ్నల్ ఉన్నచోటే చూసుకోవాలి, అడవిలో కుదరదు.

రెండో మెట్టు: దూరాన్ని సగానికి కోసి, ఆగే చోట్లు రాసుకోవడం

పొడి రోజున మీరు 200 కిలోమీటర్లు వెళ్ళగలిగితే వానరోజుకు 100 అనుకోండి. ఘాటులో సగటు వేగం గంటకు 25 దాటదు; ఆగి టీ తాగే సమయం, కోటు తొడిగి విప్పే సమయం, లారీ వెనక ఇరుక్కునే సమయం కలుపుకుంటే ఇంకా తగ్గుతుంది. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. వానరోజుకు అది చాలు. అదే రోజు పాడేరు కూడా చేరాలనుకోవడం దగ్గరే తొందర మొదలవుతుంది.

తరవాత, వెనక్కి తిరగడానికీ ఆగిపోవడానికీ వీలున్న ఊళ్ళను వరసగా రాసుకోండి. నా చీటీలో శృంగవరపుకోట, అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి ఉంటాయి. ఒక్కో ఊరి ఎదుట రెండు సంగతులు రాస్తాను: ఎన్ని గంటల లోపు అక్కడ ఉండాలి, ఏ స్థితిలో ఉంటే అక్కడి నుంచి ముందుకు కదలకూడదు. ఉదాహరణకు శృంగవరపుకోట ఎదుట "కొండ శిఖరాలు కనబడకపోతే గంట ఆగాలి" అని ఉంటుంది. పాడేరు ఎదుట "మధ్యాహ్నం 3 దాటితే ఇక్కడే బస" అని ఉంటుంది. చింతపల్లి దాటి సీలేరు వైపు వెళ్ళే ముక్క ఈ మొత్తం దారిలో నిర్జనమైనది. పెట్రోలు బంకు దూరం, ఫోను సిగ్నల్ అరుదు, దారిలో కనబడే మనుషులు కొద్దిమంది. ముసురు రోజున ఆ ముక్క జోలికి ఒంటరిగా పోకండి. చింతపల్లిలో ఒక రోజు ఖాళీగా కూర్చున్నందువల్ల ఎవరికీ నష్టం లేదు.

ఈ చీటీని పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా తడిస్తే అలుక్కుపోతుంది, పెన్సిలు గీత పోదు. దాని నకలు ఒకటి ఇంట్లో ఇచ్చి, "రాత్రి 8 దాకా నా దగ్గరి నుంచి ఫోను రాకపోతే చివరిసారి ఎక్కడి నుంచి మాట్లాడానో చూసుకుని 112కి చెప్పండి" అని స్పష్టంగా చెప్పాలి. "చేరాక ఫోను చేస్తాను" అన్న మాట చాలదు. అమ్మకో భార్యకో ఎప్పుడు కంగారుపడాలో తెలియకపోతే వాళ్ళు మధ్యాహ్నం నుంచే కంగారుపడతారు, లేదా మర్నాటి దాకా ఊరుకుంటారు.

మూడో మెట్టు: ఒళ్ళు, సామాను

మన పల్లెల్లో నాట్ల కాలంలో వాడే తాటాకు గిడుగును గమనించండి. వంగి పనిచేసేవాడి వీపును అది కాపాడుతుంది, ఎందుకంటే అతనికి వాన పైనుంచి పడుతుంది. బైకు మీద ఉన్నవాడికి వాన ఎదురుగా వస్తుంది. మెడ, మణికట్టు, తొడల మధ్య కుట్టు, బూటు పైఅంచు, ఈ నాలుగు చోట్ల నుంచే నీళ్ళు లోపలికి దిగుతాయి. అందుచేత రెయిన్‌కోటు కొనేటప్పుడు రంగు, కంపెనీ చూడకముందు కుట్ల మీద లోపలి వైపు టేపు అతికించి ఉందా, జిప్పు మీద రెండో మడత ఉందా, మెడ పట్టీ గట్టిగా మూసుకుంటుందా అని చూడాలి. కోటు, ప్యాంటు విడివిడిగా ఉండాలి. స్కూటరు మీద ఆఫీసుకు వెళ్ళడానికి వాడే పొడుగు కోటు గాలికి ఎగిరి చైనులోనో చక్రంలోనో చిక్కుకునే ప్రమాదం ఉంది. ప్యాంటు అంచు బూటు లోపలికి కాక బూటు మీదుగా బయటికి దిగాలి, లేకపోతే బూటు బావిలాగా నిండుతుంది. చేతికి మంచి రబ్బరు గ్లౌజులు, వాటి కింద పలుచని నూలు గ్లౌజులు వేసుకుంటే ఖరీదైన వాటికి దాదాపు సరితూగుతాయి.

కోటు వాన మొదలయ్యాక తొడగడం పనికిరాని పని. అప్పటికే చొక్కా తడిసి ఉంటుంది, తడిచొక్కా మీద కోటు వేస్తే ఆ తడి రోజంతా ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఘాటు మలుపుల్లో ఆగి బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు ఉండదు కనుక, మబ్బు పట్టి ఉంటే శృంగవరపుకోటలోనే తొడుక్కుని ఎక్కండి. కొంచెం ఉక్కపోస్తే పోయనివ్వండి.

సామానులో ఒక మూటను "పొడి మూట"గా వేరు చేయండి. అందులో ఒక జత లోదుస్తులు, ఒక ఉన్ని స్వెటర్, ఒక ప్యాంటు, రెండు జతల మేజోళ్ళు, ఒక తువ్వాలు ఉండాలి. విశాఖ పూర్ణా మార్కెట్టులో దొరికే మందపాటి పాలిథిన్ సంచులు రెండు తీసుకుని, ఒకదానిలో ఒకటి పెట్టి, మూతి మెలితిప్పి మడిచి రబ్బరు బ్యాండు వేస్తే నీరు దూరదు. బ్యాగు పైన కప్పే తొడుగును నమ్మవద్దు; గాలికి అది ఉబ్బి, అడుగున నీళ్ళు నిలుస్తాయి. బ్యాగు లోపల సంచి పెట్టడమే మంచి పద్ధతి. ఈ పొడి మూటను దారిలో తెరవకూడదు, ఆ రోజుకు ప్రయాణం ముగిశాకే తెరవాలి. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది, దాన్ని చలి గురించిన మెట్టులో చెబుతాను.

ఫోను రెండు జిప్ కవర్లలో ఛాతీ జేబులో ఉండాలి. తడి వేళ్ళకు తెర స్పందించదు, ఛార్జింగ్ రంధ్రంలో తడి చేరితే ఛార్జి ఎక్కదు, కాబట్టి దారి చూపే పని చీటీకి అప్పగించి ఫోనును ఆపదకు దాచుకోండి.

నాలుగో మెట్టు: బండి

దీని మీద ఎక్కువ రాయను, ఎందుకంటే పొడి రోజుకు సిద్ధంగా ఉన్న బండి వానరోజుకూ చాలావరకు సిద్ధమే. టైర్ల గాళ్ళలో కనిపించే అరుగుదల గుర్తు రబ్బరు పైపొరతో సమానమైతే ప్రయాణం ముందే టైరు మార్చండి. వానకు గాలి తగ్గించాలని కొందరు చెబుతారు, అది తప్పు. గాలి తగ్గితే టైరు గాళ్ళు మూసుకుపోయి నీటిని పక్కకు తోసే శక్తి తగ్గుతుంది. కంపెనీ చెప్పిన కొలతే ఉంచండి. హెల్మెట్ వైజర్ లోపలి వైపు ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం రాసి పొడిగుడ్డతో తుడిస్తే కొన్ని గంటలు ఆవిరి పట్టదు. గీతలు పడిన పాత వైజర్‌తో రాత్రి వానలో ఎదుటి లారీ దీపం వంద దీపాలుగా కనిపిస్తుంది, కొత్తది వేసుకోండి.

పెట్రోలు పాడేరులోనో చింతపల్లిలోనో నిండా కొట్టించండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, అది నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగుకు చేరి బండి ఆగిపోతుంది. వానలో మూత తీసినప్పుడు చెయ్యో గుడ్డో అడ్డం పట్టడం మరచిపోవద్దు. దారిలో సీసాల్లో అమ్మే పెట్రోలును గతిలేనప్పుడు మాత్రమే పోయించుకోండి.

అయిదో మెట్టు: ఘాటు మీద

వాన మొదలైన తొలి పది పదిహేను నిమిషాలు రోడ్డు అన్నిటికన్నా జారుడుగా ఉంటుంది. ఎండకు తారు మీద పేరుకున్న దుమ్ము, లారీల నూనె, రబ్బరు నలుసులు తడిసి పేస్టులాగా మారి పైకి తేలతాయి. జోరువాన కాసేపు కడిగాక పట్టు కొంత తిరిగి వస్తుంది. అందుచేత తొలి చినుకులకు వేగం పెంచి ఊరు చేరుకుందామనుకోవడం కన్నా, ఆ పావుగంట ఎక్కడైనా ఆగడం లాభం.

గంటకు 50 వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చినదాన్ని కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేలోగా ఆ 14 మీటర్లు అయిపోతాయి. ఆ తరవాత ఆరిన తారు మీద మరో 14 మీటర్లలో ఆగే బండి, తడి తారు మీద 20 నుంచి 25 మీటర్లు తీసుకుంటుంది. అనంతగిరి ఘాటు మలుపుల్లో అన్ని మీటర్లు ముందుకు కనబడటమే అరుదు. కనబడేంత దూరంలో సగంలో ఆగగలిగిన వేగమే సరైన వేగం అని గుర్తు పెట్టుకుంటే స్పీడోమీటరు చూడనక్కరలేదు.

దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజనే బండిని పట్టి ఉంచాలి, క్లచ్ నొక్కి జారనివ్వకూడదు. బ్రేకు మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే పడాలి. ముందు బ్రేకును స్పాంజి పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి పెంచాలి. 125 సీసీ దాటిన బళ్ళకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది గానీ, చాలా బళ్ళలో అది ముందు చక్రానికే ఉంటుంది. వెనక చక్రం యథేచ్ఛగా జారుతుంది. రెండు చక్రాలకు ఉన్నా సరే, వంగి ఉన్న బండిని అది నిలబెట్టదు.

చూపు రోడ్డు రంగు మీద ఉండాలి. నల్లగా మెరిసేది నీరు, ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే డీజిలు. తెల్ల గీతలు, రైల్వే గేట్ల దగ్గర పట్టాలు, వంతెనల ఇనుప అతుకులు తడిస్తే సబ్బులాగా ఉంటాయి, వాటిని నిటారుగా, బ్రేకు లేకుండా దాటాలి. ఎండ తగలని మలుపుల్లో రోడ్డు అంచున పచ్చటి పాచి పడుతుంది. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఇ జాతీయ రహదారి విస్తరణ కోసం కొండను తొలిచిన చోట్ల ఎర్రమట్టి రోడ్డు మీదికి జారి ఉంటుంది. అది టైరుకు పట్టుకుందంటే అర కిలోమీటరు దాకా పట్టు ఉండదు.

కొండ వైపు నుంచి గులకరాళ్ళు, కొత్తమట్టి రోడ్డు మీద పడి ఉంటే, నిన్నటిదాకా లేని చోట నుంచి బురదనీరు ఉబికి వస్తుంటే, ఆ గట్టు కదులుతున్నదని అర్థం. అక్కడ ఫోటో కోసం కాదు కదా, కోటు సర్దుకోవడానికి కూడా ఆగకూడదు. ఆగవలసి వస్తే లోయ వైపు విశాలంగా, గట్టి నేల ఉన్నచోట ఆగండి. ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలన్నది నియమం. ఆర్టీసీ బస్సు మలుపు తిరిగేటప్పుడు రోడ్డంతా దానిదే అనుకుంటే మీకూ డ్రైవరుకూ ఇద్దరికీ సుఖం.

ఆరో మెట్టు: గెడ్డ దగ్గర

మన వైపు వాగును గెడ్డ అంటాం. మన్యంలో ప్రతి లోయకూ ఒక గెడ్డ ఉంది. పెద్దదైన మత్స్యగెడ్డ కింద మాచ్‌ఖండ్, ఆపైన సీలేరు పేర్లతో పారి శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. లోపలి రోడ్ల మీద ఈ గెడ్డలను చాలా చోట్ల వంతెనలతో కాక కాజ్‌వేలతో, అంటే వరదనీరు పైనుంచి పారే లోతట్టు సిమెంటు దారులతో, దాటాలి. మీరున్నచోట చినుకు లేకపోయినా పైకొండ మీద పడిన వాన గంట తరవాత ఇక్కడికి చేరుతుంది. ఒకసారి ఇలాంటి కాజ్‌వే ఒడ్డున బండి ఆపి మోకాలి లోతే కదా అని లెక్కలు వేస్తుంటే, మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకరు "పైన నల్లగా ఉంది బావూ, ఇప్పుడు దిగకు, చుట్ట కాల్చుకునేలోగా పెరిగిపోద్ది" అన్నారు. ఆయన చుట్ట సగం కాలకముందే కాజ్‌వే అంచు రాళ్ళు మునిగాయి. ఆ తరవాత అది ఒక పద్ధతిగా పెట్టుకున్నాను.

పద్ధతి ఇది. గెడ్డ దగ్గరికి రాగానే బండిని మెరకగా ఉన్న గట్టి నేల మీద ఆపి ఇంజను కట్టేయండి. నీటి అంచున ఒక రాయి పెట్టి పదిహేను నిమిషాలు చూడండి. రాయి మునిగితే నీరు పెరుగుతోంది, వెనక్కి వెళ్ళండి. రాయి ఒడ్డున మిగిలితే తగ్గుతోంది, ఇంకా ఆగండి. నీటి రంగు టీ రంగుకు తిరిగినా, కొమ్మలు, ఆకుల తెట్టె కొట్టుకొస్తున్నా అది పెరిగే నీరే. పారే నీటి కింద రోడ్డు ఉపరితలం కంటికి కనబడకపోతే ఒంటరిగా దాటవద్దు. 15 సెంటీమీటర్ల పైచిలుకు లోతున వేగంగా పారే నీరు మనిషిని పడగొట్టగలదు. బండి చక్రాలు ఆ ప్రవాహానికి అడ్డం నిలబడి ఇంకా ఎక్కువ తోపు తీసుకుంటాయి. కొండ గెడ్డలు ఎంత వేగంగా పెరుగుతాయో అంత వేగంగా తగ్గుతాయి, రెండు మూడు గంటల్లో దారి తేలుతుంది.

రోడ్డు స్పష్టంగా కనబడే పలుచని నీరైతే మొదటి గేరులో, యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టి, మధ్యలో గేరు మార్చకుండా, కాజ్‌వేకు ఎగువ వైపు పట్టుకుని దాటండి. దిగువ అంచున సిమెంటు విరిగి ఉంటుంది. ఒకవేళ లోతైన గుంటలో బండి ఆగిపోయి ఇంజనులోకి నీరు వెళ్ళిందన్న అనుమానం ఉంటే మళ్ళీ సెల్ఫ్ నొక్కకూడదు. సిలిండరులో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని తోసుకుంటూ ఒడ్డుకు చేర్చి, ప్లగ్ విప్పి, కిక్ ఉంటే కిక్‌తోనూ, లేకపోతే గేరులో వేసి తోసీ నీటిని బయటికి పంపాక బిగించండి.

ఏడో మెట్టు: చలి

అన్ని మెట్లలో దీన్ని తక్కువగా అంచనా వేస్తారు. విశాఖలో పుట్టిపెరిగిన మనకు చలి అంటే ఉత్తరాది మాట. కానీ వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. అనంతగిరి, లంబసింగి ఆ ఎత్తుకు అటూ ఇటూగా ఉన్నాయి. కింద 28 డిగ్రీలు ఉంటే పైన 22. ఆ 22 డిగ్రీల్లో తడిచొక్కాతో గంటకు 40 కిలోమీటర్ల గాలిలో రెండు గంటలు కూర్చుంటే, ఒళ్ళు వేడిని తయారుచేసే వేగం కన్నా పోగొట్టుకునే వేగం ఎక్కువ అవుతుంది.

చలి ముందు చేతివేళ్ళను పట్టుకుంటుంది, తరవాత బుద్ధిని. కొన్నేళ్ళ కిందట ఒక సెప్టెంబరు ముసురులో పాడేరు నుంచి మాడుగుల వైపు ఘాటు దిగుతున్నాను. చీకటి పడేలోగా చోడవరం చేరాలన్న పంతంతో రెండు టీకొట్లు దాటేశాను. ఒణుకుతున్నానని తెలుసు, దిగితే వెచ్చబడుతుందిలే అనుకున్నాను. ఒక మలుపులో క్లచ్ నొక్కాలనుకుంటే వేళ్ళు మూసుకోలేదు. నడిచే వేగంలోనే బండి పాచి మీద పక్కకు జారి నా కాలి మీద పడింది. వెనక వచ్చిన బస్సు ఆగి, కండక్టరూ నలుగురు ప్రయాణికులూ దిగి బండి లేపారు. కాలు విరగలేదు, వారం రోజులు కుంటుతూ నడిచాను. దాటేసిన ఆ రెండు టీకొట్లలో దేని దగ్గర ఆగినా పది నిమిషాలు పోయేవి, అంతే.

అప్పటి నుంచి అరగంటకొకసారి ఆగి బొటనవేలితో అదే చేతి చిటికెనవేలి కొసను తాకి చూసుకుంటాను. తాకడం కష్టంగా ఉంటే, గుండీ పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించవలసి వస్తే, ఆ ఊరే ఆ రోజుకు బస. ఒణుకు తగ్గకుండా ఉంటే కప్పు ఉన్నచోట చేరి, తడిబట్ట పూర్తిగా విప్పి, తుడుచుకుని పొడి మూట విప్పాలి. ఇదే పైన చెప్పిన మినహాయింపు. పంచదార ఎక్కువ వేసిన టీ, వేడి చోడి (రాగి) అంబలి, బెల్లం ముక్క, ఏది దొరికితే అది తీసుకోండి. మద్యం వద్దు, అది చర్మం వెచ్చబడినట్టు అనిపింపజేసి లోపలి వేడిని బయటికి తోసేస్తుంది. ఒళ్ళింకా చల్లగా ఉండగానే ఒణుకు ఆగిపోయి, మాట ముద్దగా వస్తుంటే అది కోలుకోవడం కాదు, ప్రమాదం. పక్కనున్న వారెవరికైనా చెప్పి 108 పిలిపించుకోవాలి.

ఎనిమిదో మెట్టు: ఉరిమితే

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. 30 సెకన్ల లోపైతే బండి దిగి గట్టి కప్పున్న భవనంలోకి వెళ్ళాలి. టైర్లు రబ్బరువి కదా అన్న ధీమా పనికిరాదు. కారు ఇనుపపెట్టెలాగా లోపలివాళ్ళను కాపాడుతుంది, బైకు కాపాడదు. ఒంటరి చెట్టు కిందికీ, వ్యూ పాయింటుకూ, సిల్వర్ ఓక్ వరసల కిందికీ పోవద్దు. చివరి ఉరుము తరవాత అరగంట ఆగి కదలండి.

తొమ్మిదో మెట్టు: ఆగినచోట మర్యాద

మన్యంలో వాన పట్టినప్పుడు బడి వరండా, బస్సు షెల్టరు, చర్చి అరుగు, టీకొట్టు, ఏదో ఒకటి దొరుకుతుంది. ఎవరింటి అరుగైనా సరే, హెల్మెట్ తీసి, ముఖం కనబడేట్టు నిలబడి, "అమ్మా, వాన తగ్గేదాకా ఇక్కడ కూర్చోవచ్చా" అని అడిగి కూర్చోండి. చాలా ఊళ్ళలో ఇంట్లో ఆదివాసీ ఒడియానో, కువినో మాట్లాడతారు, తెలుగు నెమ్మదిగా చెబితే అందుతుంది. ఆడవాళ్ళనూ పిల్లలనూ అడగకుండా ఫోటో తీయడం, నీళ్ళోడుతున్న కోటుతో లోపలికి నడవడం మన పరువు తీసే పనులు. ముందుకు రోడ్డు ఎలా ఉందో ఎదురుగా వచ్చిన ఆటో డ్రైవరునో ఆర్టీసీ కండక్టరునో అడగండి. గంట కిందట అక్కడి నుంచి వచ్చినవాడి మాటకు ఏ యాప్ సాటిరాదు. అయితే "వెళ్ళొచ్చా" అని అడగకండి, మొహమాటానికి "ఎల్లిపోవచ్చు బాబూ" అంటారు. "మీరైతే ఇప్పుడు వెళతారా" అని అడగండి.

పదో మెట్టు: రాత్రి, మర్నాటి పొద్దు

గది దొరికాక కూర్చునే ముందే బండి పని చేయాలి, కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదు. మెత్తటి నేలలో సైడ్ స్టాండు దిగబడకుండా దాని కింద పలకరాయి పెట్టండి. చైను మీద బురద తడిగుడ్డతో తుడిచి, ఇంజను వేడి తగ్గకముందే చైను నూనె పట్టించండి. స్ప్రే లేకపోతే 90 నంబరు గేరు ఆయిల్ గుడ్డతో పలుచగా రాసినా పనిచేస్తుంది. బూట్లలో పాత వార్తాపత్రిక ఉండలు చేసి కుక్కి, గంటకు ఒకసారి మార్చండి. పొయ్యి పక్కన పెడితే అతుకులు విడిపోతాయి. తడి కోటును గదిలో కాక వరండాలో ఆరేయండి, లేకపోతే ఆ ఆవిరికి మిగతావన్నీ మెత్తబడతాయి. కరెంటు పోతుందనుకుని ఫోనును ముందే ఛార్జింగులో పెట్టి, ఇంటికి ఫోను చేసి, చీటీలో రేపటి గంటలు దిద్దండి.

పాడేరు మన్యం మలేరియా ఉన్న ప్రాంతం, అందులోనూ వానాకాలంలో ఎక్కువ. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, దోమల మందు, వీలైతే దోమతెర వాడండి. ఇంటికి వచ్చిన మూడు నాలుగు వారాల లోపు చలిజ్వరం వస్తే విశాఖ డాక్టరుకు మన్యం వెళ్ళివచ్చిన సంగతి మొదట చెప్పాలి, రక్తపరీక్ష ఆయన అప్పుడే రాస్తారు.

పొద్దున బూట్లు తలకిందులు చేసి దులిపి తొడగండి, తేళ్ళు, పాములు వానకు పొడిచోటే వెతుక్కుంటాయి. బ్రేకు డిస్కుల మీద రాత్రికి రాత్రే ఎర్రటి తుప్పు పొర పడుతుంది, ప్యాడ్లు తడిసి ఉంటాయి. ఊరి వీధిలోనే నడక వేగంలో నాలుగుసార్లు బ్రేకు పట్టి విడిచి, కరకర శబ్దం పోయాకే ఘాటు వైపు తిప్పండి. అప్పటికీ కొండ శిఖరాలు కనబడకపోతే బండిని మళ్ళీ పలకరాయి మీద నిలబెట్టి, ఇంకొక టీ చెప్పండి.